భవాని పేట్‌లో ఒక ఖాళీ గది

షోలాపూర్ వెళ్తున్నానని చెప్పినప్పుడు మా తణుకులో అందరూ ఒకే మాట అన్నారు: "వచ్చేటప్పుడు రెండు దుప్పట్లు పట్రా." నేను చదువుకోవడానికి వెళ్తున్న సంగతి ఎవరూ గమనించినట్టు లేదు. దసరా సెలవులకి ఇంటికొచ్చాక కూడా మొదటి ప్రశ్న దుప్పట్ల గురించే. తెచ్చాను. ఇక మిగతాది చెప్పుకోవచ్చు.

అక్కడి విశ్వవిద్యాలయంలో నాకు ఎం.ఏ. పురావస్తు శాస్త్రంలో సీటు వచ్చింది. నాన్నకి అర్థమైనంత వరకు అది రెండేళ్లపాటు గోతులు తవ్వే కోర్సు. అయినా అడ్డుపడలేదు. ఒక్క షరతు పెట్టారు. హాస్టల్లో సీటు దీపావళి దాటితే గానీ ఖాళీ అవదన్నారు కాబట్టి, అప్పటిదాకా సంసారులున్న ఇంట్లో నాకు గది దొరకాలి. నేను వెళ్లిన వారంలోనే శనివారం సాయంత్రం అయిదింటికి ఆయన ఫోన్ చేసినప్పుడు ఆ ఇంటావిడ స్వయంగా మాట్లాడి, మీ అమ్మాయి మా ఇంట్లో ఉంటుంది అని చెప్పాలి. చెప్పకపోతే నేను తిరిగొచ్చి బీఎడ్‌లో చేరాలి. నా మీద నమ్మకం కొద్దీ ఆ మర్నాడు ఆదివారానికి తిరుగు టికెట్టు కూడా ముందే కొనిచ్చారు.

స్టేషను ఎదుట

ఆదివారం పొద్దున దిగాను. స్టేషను ఎదుట లాడ్జి మేనేజరు నా ఆధార్ కార్డుని, నన్ను, నా వెనకాల ఖాళీ జాగాని వరసగా చూసి, "అకేలీ?" అన్నాడు. అవును, ఒక్కదాన్నే అన్నాను. నాకు జరిగిన ఏదో నష్టానికి ఓదారుస్తున్నట్టు తల ఊపాడు.

నా హిందీ పదో తరగతిలో పరీక్ష పాసైన హిందీ. ఆవు మీద వ్యాసం రాయగలను. ఆటో అతనితో బేరమాడలేను. ఆ రోజూ మర్నాడూ కలిపి తొమ్మిది ఇళ్లు చూశాను. ఒకచోట మాంసం తింటావా అన్నారు, ఒకచోట మగపిల్లలు కలవడానికి వస్తారా అన్నారు. ఒకావిడ రెండూ కలిపి అడిగింది. మిగతావాళ్లు ఏమీ అడక్కుండానే తలుపేశారు. ఆ పూటలన్నీ పదిహేను రూపాయల వడాపావ్ మీద గడిచాయి. వడాపావ్ మంచి పదార్థమే. వరసగా అయిదోసారి తింటున్నప్పుడు మాత్రం బీఎడ్ గుర్తొస్తుంది.

కుంఠా నాకా

మంగళవారం ఎవరో కుంఠా నాకాలో గదులు చవక అంటే వెళ్లాను. చవక ఎందుకో దిగగానే తెలిసింది. సందు సందుకీ మరమగ్గాల షెడ్లు. ఖట్ ఖట్ ఖట్ అని నేల అదురుతుంది. టీ బల్ల మీద గ్లాసు పెడితే అదే పక్కకి జరుగుతుంది.

ఆ మోతలో నాన్న ఫోన్ చేశారు. "దొరుకుతుంది నాన్నా, చూస్తున్నాను, అన్నీ బాగున్నాయి," అని మూడు అబద్ధాలు గట్టిగా అరిచి పెట్టేశాను. పక్కన టీ తాగుతున్న పెద్దాయన, ఒళ్లంతా నూలు పీచు అంటుకుని మంచులో నడిచొచ్చినట్టున్న మనిషి, నాకంటే గట్టిగా అరిచాడు.

"ఏ ఊరు బిడ్డా మీది?"

తెలుగు! గ్లాసు పట్టుకోవడం మర్చిపోయాను. "తణుకండి."

"గా ఊరేడున్నది? కరీంనగర్ దిక్కా?"

"కాదండి, గోదావరి వైపు."

"ఆంధ్రానా! పర్వాలేదు. జర నిమ్మలంగ మాట్లాడితే సమజైతది."

ఆయన పేరు బాలయ్య. తాత సిరిసిల్ల నుంచి మగ్గం పనికి వచ్చాడట. ముప్ఫై ఏళ్లు మగ్గాల మధ్య ఉండడం వల్ల బాలయ్యకి చెవులు సగం పోయాయి, గొంతు రెట్టింపైంది. నా సంగతి విని, సందంతా వినేలా అన్నాడు: "మా ఇంట్ల ఒక ఖోలీ ఉన్నది. ఇచ్చుడు ఇయ్యకపోవుడు మా ఇంటామె చేతిల ఉన్నది. నేనడిగితె అసల్కే ఇయ్యదు. నువ్వడుగు."

ఖోలీ అంటే గది. అదే నేను షోలాపూర్‌లో నేర్చుకున్న మొదటి మరాఠీ మాట.

భవాని పేట్

బాలయ్య ఇల్లు భవాని పేట్‌లో ఒక సన్నటి సందులో ఉంది. మా గోదావరి వైపు మధ్యాహ్నం పూట తలుపులు వేసుంటాయి. ఇక్కడ ప్రతి తలుపూ బార్లా తెరిచి, ప్రతి గడపలో ఒక ఆడమనిషి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంటుంది. చేతుల వంక ఎవరూ చూడరు. కళ్లు సందులో, నోరు ఎదురింటావిడతో, వేళ్లు మాత్రం తునికాకులో పొగాకు పోసి, చుట్టి, దారం కట్టి పక్కన పడేస్తుంటాయి. సందులోకి కొత్త మనిషి వస్తే వేళ్లు తప్ప అన్నీ ఆగిపోతాయి. నా రాకతో ఆగిపోయాయి.

బాలయ్య భార్య అంబుబాయి తల కూడా ఎత్తలేదు.

"ఎవ్వలీ పోరి?"

"మనోళ్లే! తెలుగే! ఖోలీ కావాలంటది!"

"నువ్వు ఒర్రితె ఖోలీ ఖాళీ అయితదా?" అని ఆయన్ని అడిగి, నా వైపు తిరిగింది. "ఏం చదువుతవ్?"

"పురావస్తు శాస్త్రం అండి. పాతకాలం ఊళ్లు తవ్వి..."

"మా ఇంట్ల తవ్వేటందుకు ఏం లేదు. ఎన్ని రొట్టెలు తింటవ్?"

"రెండు."

"రెండేంది, జెరమొచ్చిందా?" కాసేపు నన్ను పరీక్షగా చూసింది. "చూద్దాం. నాల్గు రోజులు ఉండు."

"అద్దె ఎంతండి?"

"ఉంటె కద భాడా. చూద్దాం."

ఆ 'చూద్దాం' నాలుగు రోజులు నా నెత్తిమీద వేలాడింది.

గది బాగుంది. కాకపోతే అందులో మనుషులు తప్ప అన్నీ ఉన్నాయి. ఇనప మంచం, బీరువా, ఆ బీరువా అద్దం మీద ఎవరో అంటించి వదిలేసిన బొట్టుబిళ్లలు, గోడమీద ఒక జంట పెళ్లి ఫోటో. "మంచం మీద పండుకోకు," అంది అంబుబాయి. చాప వేసుకున్నాను. పుస్తకాలు చాప తలాపిన పేర్చుకున్నాను. సూట్‌కేసు విప్పలేదు. చూద్దాం అన్న ఇంట్లో సూట్‌కేసు విప్పడం మర్యాద కాదనిపించింది.

రొట్టె, పల్లీల పొడి

ఆ ఇంట్లో భోజనం జొన్నరొట్టె, వెల్లుల్లి వేసి దంచిన పల్లీల పొడి, పచ్చి ఉల్లిగడ్డ. వారానికోసారి కడక్ భాకరి, అంటే అప్పడంలా విరిగేదాకా కాల్చిన జొన్నరొట్టె. నెలల తరబడి నిలవుంటుందట. తవ్వకాల్లో దొరికినా ఆశ్చర్యపోను. అన్నం ఎప్పుడు వండుతారని అడిగాను.

"అన్నం తింటె ఆకలైతది. రొట్టె తింటె ఆకలి పోతది," అని ఇంకో రొట్టె పడేసింది. మూడోది. తిన్నాను. ఇలాంటి విషయాల్లో మార్కులు పోగొట్టుకునే స్థితిలో లేను.

బుధవారం తరగతులు మొదలయ్యాయి. పాఠం మరాఠీలో. మొదటి రోజు నాకు స్పష్టంగా అర్థమైన మాటలు మూడు: హరప్పా, మొహెంజొదారో, చాయ్. సాయంత్రం సందులోకి వస్తుంటే ఎదురింటావిడ చాట మీంచి కళ్లెత్తి అరిచింది:

"ఏం అంబుబాయీ! కొత్త కోడలు దొరికిందా? పాతామెకు చెప్పినవా మరి?"

సందంతా నవ్వింది. అంబుబాయి నవ్వలేదు. చుడుతున్న బీడీ చేతిలోనే విరిగింది. నేను లోపలికెళ్లిపోయాను. ఎవరి మీద వేసిన రాయి ఎవరికి తగిలిందో తెలియనప్పుడు లోపలికెళ్లడమే మేలు.

తర్వాత బాలయ్య నన్ను పక్కకి పిలిచి రహస్యంగా చెప్పాడు. అంటే మూడిళ్ల అవతలకి మాత్రమే వినపడేలా. కొడుకు శ్రీనివాస్, కోడలు రేణుక ఆ గదిలోనే ఉండేవారు. ఊరవతల కుంభారిలో కార్మికులకి కట్టిన కాలనీలో ఇల్లు రావడంతో ఆరు నెలల కిందట వెళ్లిపోయారు. "ఈమె ఒక్కపారి గూడ పోలే. వాళ్లు సామాను అడగలే, ఈమె పంపలే. పోరడు వాపస్ వస్తడని చూస్తది. గందుకే ఖోలీ ఎవ్వలకియ్యది."

లోపల గిన్నె ఒకటి గట్టిగా కింద పడింది. అంబుబాయికి చెవులు బాగానే పనిచేస్తాయి.

ఆ రాత్రి నాకు నా పరిస్థితి పూర్తిగా తెలిసొచ్చింది. నాకు గది ఇస్తానని ఆవిడ నోటితో అంటే, కొడుకు ఇక తిరిగి రాడని అదే నోటితో ఒప్పుకున్నట్టు. మా నాన్నకి కావలసింది సరిగ్గా ఆ మాటే, శనివారం అయిదింటికి.

డాబా మీద

ఒక మనిషి చేత అవుననిపించడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే, పనికొచ్చేదానిలా కనపడడం. గురువారం అంట్లు తోమాను. మళ్లీ ఆవిడ తోముకుంది. శుక్రవారం రొట్టె చేయబోయాను. దాని ఆకారం చూసి బాలయ్య కూడా మౌనంగా ఉండిపోయాడు.

శుక్రవారం రాత్రి కుండపోత వాన. శనివారం పొద్దున ఫెళ్లున ఎండ. బాలయ్య షెడ్డుకి, అంబుబాయి మార్కెట్‌కి వెళ్లారు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. స్నానాల గది పక్కన నీళ్లోడుతున్న గోనెపట్టా మూట ఒకటి కనపడింది. విప్పి చూస్తే తునికాకులు. ఒకే కొలతకి కత్తిరించిన ముక్కలు, వందలకొద్దీ, తడిసి ముద్దగా ఉన్నాయి. పైకప్పు కారి పాపం ఆవిడ కష్టమంతా తడిసిపోయింది!

కాపాడాను. ఒక్క ఆకు మీద ఇంకో ఆకు పడకుండా డాబా మీద పాత చద్దరు పరిచి అన్నీ ఆరబెట్టాను. ఎగిరిపోకుండా చుట్టూ ఇటుకలు కూడా పెట్టాను. మా ఇంట్లో కరివేపాకు ఇలా ఆరబెట్టినందుకు ఒకసారి మెచ్చుకున్నారు.

అంబుబాయి మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. మూట ఉండాల్సిన చోటు చూసింది. నేను గర్వంగా పైకి చూపించాను.

ఆవిడ మెట్లెక్కి ఒక ఆకు తీసింది. అది వేళ్ల మధ్య పెళపెళమని పొడైంది. ఇంకోటి తీసింది. అదీ అంతే. షోలాపూర్ ఎండ ఏ పనీ సగంలో వదలదు.

"రాత్రంత నానబెట్టి, కత్తిరించి, తడిగోనెల చుట్టి పెట్టిన," అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "తడి ఉంటెనె ఆకు మలుగుతది. ఎండితె ఇరుగుతది. సోమారం పొద్దుగాల కార్ఖానల బీడీలియ్యాలె."

"మళ్లీ నానబెడితే?"

"నల్లగైతది. బీడీలు చూసెటి చెక్కరు మొకం మీద కొడతడు."

పక్కింట్లో అడుగుదామన్నాను. వాళ్లు వేరే కార్ఖానాకి చుడతారట. ఒకరి ఆకు ఇంకొకరి దగ్గర చెల్లదు, చూడగానే పట్టేస్తారు. ఇదే కార్ఖానాకి చుట్టేవాళ్లు దగ్గర్లో ఎవరూ లేరా అని అడిగాను. ఆవిడ చేతిలో మిగిలిన ఆకు పొడిని డాబా మీంచి దులిపింది.

"చల్. చెప్పులేస్కో."

ఎక్కడికని అడిగే ధైర్యం చాల్లేదు. బస్టాపు దాకా నన్ను స్టేషనుకే తీసుకెళ్తోందనుకున్నాను.

కుంభారి

బస్సు కుంభారి కాలనీ దగ్గర దింపింది. అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్న ఇళ్లు వరసల మీద వరసలు, కంటికి ఆనినంత మేర. కొడుకు ఇల్లు ఏదో అంబుబాయికి తెలీదు. ముగ్గురిని అడిగింది. కొడుకు ఇంటికి దారి పరాయివాళ్లని అడుగుతున్నప్పుడు ఆవిడ ముఖం చూడకుండా నేను ఇళ్ల నంబర్లు చదువుతూ నడిచాను.

రేణుక గడపలోనే ఉంది, చాటతో. తనూ అదే కార్ఖానాకి చుడుతుందని అప్పుడర్థమైంది. అత్తగారిని చూసి లేచిన తీరుకి ఒళ్లోని పొగాకంతా నేల పాలైంది.

"అత్తా! ఒక్కదానివే వస్తివా?"

"ఒక్కదాన్నేడ? ఈ మహాతల్లి ఉన్నది కద."

"ఎవ్వరత్తా?"

"మీ ఖోలీల ఉంటున్నది. నా ఆకు ఎండబెట్టింది."

నన్ను ఎవరూ ఇంతకంటే క్లుప్తంగా పరిచయం చేయలేదు. రేణుక నన్ను చూసింది, అత్తని చూసింది. "ఎండలనా? డాబా మీద పరిచిందా?" అంది. ఇటుకల సంగతి నేనే ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. పక్కిళ్ల ఆడవాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"చదువుకున్న పిల్ల లెక్కున్నది కద?" అంది ఒకావిడ.

"గందుకే," అంది అంబుబాయి. ఆరు నెలల తర్వాత అత్తాకోడళ్లు కలిసి నవ్వారు. నవ్వింది నన్ను చూసే కాబట్టి ఆ ఘనతలో నాకూ వాటా ఉంది.

రేణుక లోపలికెళ్లి తన తడిగోనె మూట తెచ్చి అత్త ముందు పెట్టింది.

"మరి నీకు?"

"నేను మళ్ల నానబెట్టుకుంట."

అంబుబాయి కొంగు ముడి విప్పబోయింది. రేణుక ఆ చెయ్యి పట్టుకుంది. "పైసలెవ్వలు తీస్కుంటరత్తా? ఆకుకు ఆకే. రివాజు నాకు నేర్పిందే నువ్వు. వచ్చే శనారం నువ్వే తెచ్చియ్యి."

నాకు కాస్త ఆలస్యంగా వెలిగింది. బీడీలు చుట్టేవాళ్ల మధ్య ఆకు అప్పు ఆకుతోనే తీరాలి, తీసుకున్నవాళ్లే తెచ్చివ్వాలి. అంటే అంబుబాయి వచ్చే శనివారం మళ్లీ రావాలి. వచ్చిన రోజున కోడలు టీ పెడుతుంది, కత్తిరింపు బాగా లేదని అత్త వంక పెడుతుంది. అంబుబాయికి ఇదంతా నాకంటే ముందే తెలిసినట్టుంది. కొంగు మళ్లీ ముడేసుకుంది.

లోపలికెళ్లాం. ఇంట్లోనే కుళాయి ఉంది. అంబుబాయి దాన్ని తిప్పి చూసింది, కట్టేసింది, మళ్లీ తిప్పింది. ఈ గోడకీ ఆ గోడకీ కట్టిన తాడు మీద బట్టలన్నీ వేలాడుతున్నాయి. రాత్రి షిఫ్టు చేసొచ్చిన శ్రీనివాస్ నేల మీద చాపలో నిద్రపోతున్నాడు. తల్లి గొంతు వినగానే లేచి నిలబడ్డాడు, లుంగీ సర్దుకుంటూ.

"అవ్వా..."

ఆవిడ కొడుకుని కాదు, ఆ తాడుని చూస్తోంది. తర్వాత చాపని చూసింది.

నాలుగూ యాభై. ఇంకో పది నిమిషాల్లో నాన్న ఫోన్ చేస్తారు. ఈవేళ ఆవిడని ఏమీ అడక్కూడదని నాకు తెలుసు. నాన్నకి ఏం చెప్పాలో మనసులో రాసుకుంటున్నాను: బీఎడ్ కూడా మంచి కోర్సే.

"రేపు ఐతారం," అంది అంబుబాయి, కొడుకుతోనే గానీ ముఖం కుళాయి వైపు పెట్టి. "టెంపో తెచ్చుకోని సామాను తీస్కపో. మంచం, బీరువ, అంత. ఈ పోరి బుక్కులు నేల మీద పెట్టుకుంటున్నది."

శ్రీనివాస్ ఏదో అనబోయాడు. రేణుక అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. అప్పుడు ఫోను మోగింది.

అంబుబాయి చెయ్యి చాపింది. ఇచ్చేశాను.

"హలో. నమస్తె అన్నా." అవతల నాన్న తన ప్రశ్న పూర్తిగా అడిగేదాకా ఆగింది. "ఆ, ఉంటది. ఆకు ముట్టకపోతె ఉంటది."

ఏ ఆకని నాన్న అడిగినట్టున్నారు. మొత్తం చెప్పింది, ఇటుకలతో సహా. "బిడ్డకు ఇంట్ల ఒక్క పని నేర్పలేదేందన్నా?" అంది చివర్న. నాన్న గట్టిగా ఏకీభవించడం నాకు బయటికి వినపడింది. అయిదు నిమిషాలు ఇద్దరూ నా లోపాలు మాట్లాడుకున్నారు. ఆవిడ యాస నాన్నకి, నాన్న యాస ఆవిడకి ఎక్కడా అడ్డు రాలేదు.

మళ్లీ పేట్‌లో

ఆదివారం టెంపో వచ్చింది. సామాను ఎక్కిస్తున్నంతసేపూ అంబుబాయి గడపలో చాట ముందు నుంచి లేవలేదు. "గోడకు తగలనీకుర్రి," అని మాత్రం రెండుసార్లు అంది. బీరువా ఆవిడ పక్కనుంచే వెళ్లింది. ఆవిడ కాళ్లు ముడుచుకుని దారిచ్చింది, చేతులు ఆపలేదు. పెళ్లి ఫోటోని రేణుక చీర కొంగులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. బాలయ్య టెంపో వెనకాల సందు చివరిదాకా నడిచి, చెయ్యి ఊపుతూ అక్కడే నిలబడిపోయాడు.

నేను గది ఊడ్చాను. బీరువా ఉన్న చోట గోడ మిగతా గోడ కంటే కొత్తగా ఉంది. పుస్తకాలు ఎక్కడ పెట్టాలా అని చూస్తుండగా అంబుబాయి చాట, పొగాకు డబ్బా, తడిగోనె మూట పట్టుకుని లోపలికొచ్చింది. మంచం ఉన్న చోట సరిగ్గా మధ్యలో కూర్చుంది. ఆకులు చుట్టూ పరుచుకుంది.

"ఈడ గాలి మంచిగొస్తది," అంది.

గాలి ఏమీ రావడం లేదు. ఆ గదికి కిటికీ ఒక్కటే, అదీ పక్కింటి గోడలోకి. నేను అవునన్నాను. ఆకులు తొక్కకుండా నిలబడే జాగా లేక, నోట్సు తీసుకుని వెళ్లి గడపలో కూర్చున్నాను.

కాసేపటికి ఎదురింటావిడ తల బయట పెట్టింది. రోజూ అంబుబాయి ఉండే చోట నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"అంబుబాయేదే పోరీ?"

"లోపలున్నారండి. గదిలో."

"ఏ ఖోలీల?"

లోపల వేళ్లు ఆకు మలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. అంబుబాయికి చెవులు బాగా పనిచేస్తాయని నాకు తెలుసు. అందుకే కాస్త గట్టిగానే అన్నాను.

"నా గదిలో."

లోపల్నుంచి ఎవరూ కాదనలేదు.